ఆరో తరగతికి సర్కారు బడి వెతుకుతున్నారా? ముందు ఒక పేజీలో దాని జాతకం రాసుకోండి

పిల్లోడికో పాపకో ఐదో తరగతి అయిపోవస్తోందంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ప్రైవేటు బళ్లవాళ్లు కరపత్రాలు పట్టుకుని గుమ్మం దగ్గరికే వస్తారు, పక్కింటామె "ఇంకా ఎక్కడా సీటు చూడలేదా" అని రోజూ అడుగుతుంది, ఊళ్లో ఉన్న మరిది ఫోన్లోనే తీర్పు చెప్పేస్తాడు. మేము కొర్లగుంటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి తిరుపతి రూరల్లో కొత్తగా లేచిన కాలనీకి వచ్చినప్పుడు మాకూ ఇదే జరిగింది. మా ఆయనది కొండ మీద షిఫ్టు డ్యూటీ. ఆయన ఇంట్లో ఉన్న రోజు బడికి సెలవు, బడి ఉన్న రోజు ఆయన కొండ మీద. అందుకని బళ్లు చూసే పని నా నెత్తిన పడింది.

పెద్దోడికి 2022లో నేను బడి చూసిన తీరు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. గేటుకి కొత్త రంగు, గోడల మీద బొమ్మలు, గదుల్లో టైల్స్, హెచ్‌ఎం గారు కూర్చోమని మంచినీళ్లిచ్చారు, ఇంకేం కావాలి అనుకుని వచ్చేశా. చేర్పించిన మూడు వారాలకి తెలిసింది, వాళ్లకి లెక్కలు చెప్పే సారే లేడని. దసరా సెలవుల దాకా లేడు. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు (సర్కారు బళ్లని బాగుచేసే పథకం) తర్వాత చాలా సర్కారు బళ్లకి రంగులు, ఫ్యాన్లు, బెంచీలు, కాంపౌండు గోడలు వచ్చాయి, అది మంచిదే, కానీ అన్నీ ఒకేలా కనిపిస్తున్నాక గోడ చూసి ఏ బడి ఎట్లాంటిదో ఎవరికి తెలుస్తుంది?

చిన్నదాని దగ్గరికొచ్చేసరికి బుద్ధొచ్చింది. ఒక లాంగ్ నోట్‌బుక్కు కొని ఒక్కో బడికి ఒక్కో పేజీ కేటాయించి మూడు బళ్లు చూశా. ఆ పేజీ ఎట్లా నింపాలో చెప్తా. ఒక్కటే షరతు, పెన్సిల్‌తో రాయండి.

బోర్డు మీది అక్షరాలు

మన దగ్గర మిడిల్ స్కూలు అని విడిగా బడి ఉండదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు రెండు చోట్ల దొరుకుతాయి. ఒకటి ఎంపీయూపీఎస్, అంటే మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల, వాడుకలో యూపీ స్కూలు. ఇందులో ఒకటి నుంచి ఏడు దాకానో ఎనిమిది దాకానో ఉంటుంది. రెండోది హైస్కూలు, ఆరు నుంచి పది దాకా. అవిలాల, పేరూరు, తుమ్మలగుంట లాంటి చోట్లు చూడ్డానికి టౌనులో కలిసిపోయినట్టే ఉన్నా అక్కడి హైస్కూలు బోర్డు మీద జిల్లా పరిషత్ అనే ఉంటుంది. కార్పొరేషన్‌లోకి వస్తే మున్సిపల్ హైస్కూళ్లు. ఇవి కాక టీటీడీవాళ్ల ఎస్వీ, ఎస్‌జీఎస్, ఎస్పీ బాలికల హైస్కూళ్లున్నాయి, వాటి లెక్క వేరు, ఇక్కడ వాటి గురించి రాయడం లేదు.

యూపీ స్కూలా, హైస్కూలా అన్నది చిన్న తేడా కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి సైన్సు-లెక్కలకి కలిపి ఒకరు, సోషల్‌కి ఒకరు, భాషలకి ఒకరు కనీసం ఉండాలి. అంటే చిన్న యూపీ స్కూల్లో ఒకే టీచరు లెక్కలూ సైన్సూ రెండూ చెప్తుంటే అది తప్పు కాదు, చట్టం ఒప్పుకున్నదే. హైస్కూల్లో అయితే ఒక్కో సబ్జెక్టుకి స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఉంటుంది. నా మటుకు నేను, ఇంటి వెనకే యూపీ స్కూలున్నా రెండు కిలోమీటర్లు పోయి హైస్కూల్లోనే వేస్తాను. ఏడో ఎనిమిదో అయ్యాక ఎట్లాగూ మళ్లీ బడి మారాలి, ఆ వయసులో పిల్లల స్నేహాలు తెంచడం నాకిష్టం లేదు. మీ ఇంటి దగ్గరి యూపీ స్కూల్లో గట్టి అయ్యవారు ఒకాయన ఉంటే మీరు వేరేగా అనుకోవచ్చు, కాదనను.

ఇంకో సంగతి. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లలో కలిపారు, 2025లో ఆ జీవోని తీసేశారు. అందుకని ఈ మధ్య కొన్ని హైస్కూళ్లలో గదులు ఖాళీ అయ్యాయి, టీచర్లు అటూ ఇటూ అయ్యారు. రెండేళ్ల కిందట మీ తోటికోడలు చెప్పిన బడి ఇప్పుడు అదే బడి అని అనుకోవద్దు.

ఫోన్లో పది నిమిషాల పని

ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, దేశంలోని బళ్ల వివరాల లెక్కలో అది ఆ బడి నంబరు. మన రాష్ట్రంలోవన్నీ 28తో మొదలవుతాయి, ఆ తర్వాత రెండంకెలు జిల్లావి, ఇంకో రెండు మండలానివి. బడి గోడ మీద ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది, లేకపోతే ఆ బడిలో చదివే పిల్లలెవరినైనా అడగండి. ఆ కోడ్ కొడితే యూడైస్ ప్లస్ సైటులో బడి రిపోర్టు కార్డు వస్తుంది. ఏ తరగతిలో ఎంతమంది, టీచర్లెంతమంది, ఏ మీడియం, లైబ్రరీ ఉందా, మరుగుదొడ్లు ఎన్ని, అన్నీ ఉంటాయి.

నేను ముందు చూసేది తరగతివారీ స్ట్రెంత్. ఆరులో డెబ్బై, ఎనిమిదిలో యాభై, పదిలో ముప్పై ఐదు ఉన్నారనుకోండి, మధ్యలో పిల్లలెక్కడికి పోతున్నారని అడగాలి. తొందరపడి బడిని తిట్టకండి కూడా. మన ఊరు యాత్రికుల మీద బతికే ఊరు, హోటళ్లలో, లాడ్జీల్లో, బిల్డింగు పనుల్లో చేయడానికి పీలేరు నుంచీ మదనపల్లె నుంచీ అరవ దేశం నుంచీ వస్తారు, పని అయిపోతే పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతారు. శివారు బడిలో స్ట్రెంత్ పెరగడం తగ్గడం మామూలే. కానీ ఏడు నుంచి ఎనిమిదికి ఒక్కసారిగా సగమైతే మాత్రం అది వలస కాదు, అప్పుడు ఆ కాలనీవాళ్లని కదిపి చూడండి, ఎవరో ఒకరు అసలు సంగతి చెప్పేస్తారు.

తర్వాత ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లల మొత్తాన్ని 35తో భాగించండి. చట్టం చెప్పే లెక్క ముప్పై ఐదుమందికి ఒక టీచరు. నూట ఎనభైమంది పిల్లలుంటే ఆరుగురు కావాలి. రిపోర్టులో మరుగుదొడ్లు 'పనిచేస్తున్నవి' అనే గడిని మాత్రం నమ్మకండి, అది కళ్లతో చూడాల్సిన విషయం. పైగా ఆ వివరాలన్నీ కిందటేడాదివి. 2025 వేసవిలో టీచర్ల బదిలీలు జరిగాయి, ఆ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) ఎంపికైనవాళ్లు బళ్లలోకొచ్చారు, కాబట్టి పాత రిపోర్టులో ఉన్న టీచర్ల సంఖ్యకీ ఇప్పుడు స్టాఫ్‌రూములో కూర్చున్నవాళ్లకీ పొంతన ఉండకపోవచ్చు.

పేజీ మధ్యలో గీయాల్సిన పట్టిక

ఇదే అసలు పని, మిగతాది దీని చుట్టూ తిరిగేదే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్, ఆటలు అని ఏడు గళ్లు గీయండి. (సైన్సు ఆరు, ఏడుల్లో ఒకటే. ఎనిమిది నుంచి ఫిజికల్ సైన్సు, బయాలజీ అని విడిపోతుంది.) ఒక్కో గడిలో ఎవరు చెప్తున్నారు, ఆ పోస్టులో ఉన్నవాళ్లేనా, వేరే బడి నుంచి సర్దుబాటు మీద వచ్చినవాళ్లా, లేక ఖాళీనా, అది రాయాలి.

అడిగే తీరులోనే అంతా ఉంది. "స్టాఫ్ ఫుల్లుగా ఉన్నారా సార్?" అంటే ఏ హెచ్‌ఎం అయినా "ఆఁ ఉన్నారమ్మా" అనే అంటారు, ఆయన అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. నేను అదే అడిగి మోసపోయా. ఇప్పుడు ఇట్లా అడుగుతా: "సార్, మా పాపకి ఆరో తరగతిలో లెక్కలు ఎవరు చెప్తారు? హిందీ ఎవరు?" అప్పుడు పేరు రావాలి. "ఒకరొస్తారమ్మా, జూలైలో సర్దుబాటు చేస్తారు" అన్నారంటే గడిలో 'ఖాళీ' అని రాసుకోండి. హెచ్‌ఎం గదిలో గోడకి టైంటేబుల్ అంటించి ఉంటుంది, మాట్లాడుతూనే ఆరో తరగతి వరుస ఒకసారి చూడండి. ఒకే పేరు మూడు సబ్జెక్టుల్లో కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది.

హిందీ గడి మీద రవ్వంత ఎక్కువ దృష్టి పెట్టండి. మన పిల్లలకి హిందీ ఆరో తరగతిలోనే మొదలు, అక్షరాల దగ్గరే టీచరు లేకపోతే పదో తరగతి దాకా ఆ పిల్లకి హిందీ పీరియడ్ అంటే కడుపునొప్పే. పదిలో మిగతావాటికి ముప్పై ఐదు, హిందీకి ఇరవై వస్తే పాసు కదా అని ఎవరూ పట్టించుకోరు.

పది ఫలితాలు అడిగితే శాతం అడక్కండి. రాసినవాళ్లెంతమంది, ఆరువందలకి ఐదువందలు దాటినవాళ్లెంతమంది అని అడగండి. దానికన్నా మంచి ప్రశ్న ఇంకొకటుంది: "కిందటేడాది ఎనిమిదో తరగతివాళ్లు ఎంతమంది ఎన్‌ఎంఎంఎస్ రాశారు సార్?" ఇది కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పు, పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్ల పిల్లలకే, అదీ ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతేనే. ప్రైవేటు బడిలో ఉంటే రాయనే లేరు. నేను చూసిన మూడు బళ్లలో ఒకచోట ఆ మాట వినగానే సోషల్ మేడమ్ బీరువా తీసి పాత ప్రశ్నపత్రాల కట్ట చూపించారు, సాయంత్రం అరగంట ఆపి చెప్తారట. ఇంకోచోట "అది పిల్లల ఇష్టమమ్మా" అన్నారు. పేజీ మీద ఈ రెండూ రాసుకుంటే చాలు, ఏ బడో నిర్ణయించుకోవడానికి ఇంకెక్కువ అక్కర్లేదు అనిపించింది నాకు.

ఎప్పుడు వెళ్లాలి

మెగా పేరెంట్ టీచర్ మీటింగు రోజు వెళ్లి బడిని అంచనా వేయకండి. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న జరిగినవాటికి నేను వెళ్లా, ముగ్గులు, తోరణాలు, పిల్లల డాన్సులు, బాగానే ఉంటాయి. కానీ పెళ్లిచూపులకి పట్టుచీర కట్టుకుని కూర్చున్నమ్మాయిని చూసి, ఆమె ఇల్లు ఎట్లా ఉంచుకుంటుందో చెప్పగలమా? మామూలు మంగళవారమో బుధవారమో, పన్నెండు దాటాక, అన్నం బెల్లు కొట్టేముందు వెళ్లండి.

వంట దగ్గరికి పోయి "ఏం అక్కా, ఈరోజు ఏం చేశారు" అంటే చాలు, సగం బడి సంగతి ఆ అక్కే చెప్తుంది. 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనానికి ప్రాంతాలవారీగా మెనూ వచ్చింది, రాయలసీమది వేరు. ఆ ఏడాది జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి తలకి 150 గ్రాముల బియ్యం లెక్క. మెనూ గోడ మీద ఉంటుంది, దాన్ని చదవడంతో ఆగకండి. పిల్లలు ప్లేట్లు కడిగే కొళాయి దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. ఎంత అన్నం పారేస్తున్నారో అక్కడ తెలుస్తుంది. నేను చూసిన ఒక బడిలో బక్కెట్టు నిండా అన్నం, పైన పసుపు నీళ్లలాంటి సాంబారు. ఇంకోదాంట్లో బక్కెట్టులో కోడిగుడ్డు పెంకులు, కరివేపాకు రెబ్బలు తప్ప ఏమీ లేవు. రాగి జావ సంగతీ అంతే. ఇంట్లో సంగటి తిని పెరిగే పిల్లలు, జావలో నీళ్లెక్కువైతే మనకన్నా ముందు వాళ్లే పసిగడతారు. అడగండి, దాచుకోరు. బాగోలేదంటే చెప్పడానికి 14417 నంబరుంది, కానీ నా అనుభవంలో ముందు హెచ్‌ఎంకి, తర్వాత ఎంఈఓకి (మండల విద్యాధికారికి) చెప్తే పని తొందరగా అయింది.

మరుగుదొడ్లు కూడా అన్నాల తర్వాతే చూడండి. పొద్దున తొమ్మిదికి ఆయమ్మ కడిగి వెళ్లాక అన్నీ బాగానే ఉంటాయి. ఆడపిల్లల వైపు లోపల గడియ ఉందా, కొళాయిలో నీళ్లొస్తున్నాయా, మూత ఉన్న చెత్తబుట్ట ఉందా, ఈ మూడూ. మగవాళ్లు వెళ్లి చూడలేరు కాబట్టి ఈ పనికి ఇంట్లో ఆడవాళ్లే వెళ్లాలి. మేడమ్స్‌ని అడిగితే తీసుకెళ్లి చూపిస్తారు. ఒకచోట తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీలేదు. ఆ పేజీని అక్కడితో ముగించా.

ఒక నోట్‌బుక్కు చాలు

సాయంత్రం బడి వదిలాక మీ కాలనీలో ఏడో తరగతి చదివే పాపనో అబ్బోడినో పిలిచి, ఓ బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి, లెక్కల నోట్‌బుక్కు అడగండి. తేదీలు చూడండి, వారానికి ఎన్ని రోజులు రాశారో. ఎర్ర ఇంకు ఎక్కడాగిపోయిందో చూడండి. నాకు దొరికిన మొదటి పుస్తకంలో 3/4 + 1/2 = 4/6 అని ఉంది, పక్కన పెద్ద ఎర్ర టిక్కు, కింద సంతకం. పైదీ పైదీ కలిపేసి, కిందదీ కిందదీ కలిపేసింది పాప. టీచరు చూడకుండానే టిక్కు కొట్టుకుంటూ వెళ్లిపోయారు. రెండో బడి పిల్లోడి పుస్తకం మురికిగా, అట్ట లేకుండా ఉంది, రాత కోడి గెలికినట్టుంది. కానీ అదే రకం లెక్క తప్పు చేస్తే చుట్టూ సున్నా చుట్టి ఉంది, కింద వాడే మళ్లీ చేసిన లెక్క, 5/4, దాని పక్కన చిన్న టిక్కు. మా పాపని ఎక్కడ వేశానో మీరే ఊహించుకోండి.

పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పరీక్ష ఎక్కువమంది ఇంగ్లీషు మీడియంలో రాస్తారు, పాఠం ఏ భాషలో చెప్తున్నారని పిల్లల్ని అడగండి. తెలుగులో అర్థం చెప్పి ఇంగ్లీషులో రాయించే టీచరు నా దృష్టిలో బంగారం. మొత్తం ఇంగ్లీషులో చదివేసి పోయేవాళ్ల దగ్గర పిల్లలు తల ఊపడం నేర్చుకుంటారు, అంతే. గదిలో పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంటే, ఈ వారంలో దాని మీద ఏం చూశారో అడగండి.

దారి, వాన

అందరం బళ్లు ఏప్రిల్, జూన్‌లలో చూస్తాం, ఎండలకి నేల గట్టిగా ఉంటుంది, అంతా బాగుంటుంది. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. శివారు కాలనీలు చాలావరకు పాత కాలవల పక్కన, చెరువుల కింద లేచినవే, బడి గ్రౌండులో నీళ్లు నిలిస్తే వారం పోవు. గోడల మీద నీటి చార ఎంత ఎత్తులో ఉందో చూడండి, ఎదురు టీ అంగడాయన్ని అడగండి. ఇంకోటి, పిల్లలు బైపాస్ దాటాల్సి ఉంటే ఆ దారిలో మీరే తొమ్మిదింటికి ఒకసారి నడవండి. యాత్రికుల బస్సులూ సుమోలూ ఆ టైములో ఎట్లా పోతాయో మీకు తెలీనిది కాదు.

చేర్చే రోజు

ఆరో తరగతిలో చేర్చుకోవడానికి పరీక్ష పెట్టకూడదు, అది చట్టం. పాత బడి నుంచి టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు కూడా. ప్రైమరీ నుంచి వచ్చేవాళ్లకి రికార్డు షీటు ఇస్తారు. దాంతోపాటు పాప ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, తల్లి ఆధార్, తల్లి బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు రెండేసి పెట్టుకోండి. తల్లికి వందనం పథకం డబ్బులు, అంటే 15,000లో స్కూలు నిర్వహణకి 2,000 పోగా మిగిలిన 13,000, తల్లి ఖాతాలోనే పడతాయి, ఆ ఖాతాకి ఆధార్ లింకయి ఉండాలి. (ప్రైవేటులో వేసినా ఆ డబ్బులొస్తాయి, కాబట్టి దాన్ని చూసి బడి నిర్ణయించుకోకండి.) చాలామంది చిక్కుకునేది ఆన్‌లైన్లో. పాత బడివాళ్లు పాప వివరాల్ని యూడైస్‌లో డ్రాప్ బాక్సులోకి వదిలితేనే కొత్త బడివాళ్లు తీసుకోగలరు. ప్రైవేటు బడి నుంచి వస్తుంటే, ఫీజు బాకీ ఉందని అక్కడ నొక్కిపెట్టడం మా చెల్లెలి విషయంలో జరిగింది, రెండు వారాలు తిరిగింది పాపం. జూన్ 12న బడి తెరిచేముందే ఆ పని అయిపోయిందో లేదో కనుక్కోండి. పేర్లలో ఇంటిపేరు ముందా వెనకా, ఒక అక్షరం తేడా, అన్నీ అప్పుడే సరిచేసుకోండి. సర్కారు పిల్లలకిచ్చే కిట్టులో బూట్ల కొలత కూడా అప్పుడే తీసుకుంటారు, మా పాపకి ఒక సైజు పెద్దవి వచ్చాయి, లోపల దూది పెట్టి తొడిగాం. ఆరో తరగతివాళ్లకి కిట్టులో డిక్షనరీ ఉంటుంది, అడిగి తీసుకోండి.

ఆ పేజీని చించి పారేయకండి. మా పాప పేజీలో జూన్‌లో హిందీ గడిలో 'ఖాళీ' అనే ఉండింది, తెలిసే వేశా, పక్కవీధిలో ఒకామె దగ్గర అక్షరాలు దిద్దించా. కొత్త డీఎస్సీలో ఒక మేడమ్ వచ్చారు, అది చెరిపి ఆమె పేరు రాశా. మొన్న బడికి పోతే లెక్కల మేడమ్ వచ్చే నెల నుంచి ప్రసూతి సెలవు అన్నారు. పెన్సిల్ మళ్లీ తీశా.